కొత్త దేశంలో దిగాక ఎయిర్‌పోర్టు నుంచి గది దాకా: ఒంటరిగా వెళ్లే మహిళలు చేసుకోవాల్సిన ఏర్పాట్లు

పది పన్నెండు గంటలు విమానంలో కూర్చుని, నిద్ర చాలక, ఫోన్‌లో చార్జింగ్ అడుగంటి, భాష రాని చోట దిగినప్పుడు ఎవరి బుర్రా సరిగా పనిచేయదు. సరిగ్గా అప్పుడే "మేడమ్, ట్యాక్సీ?" అంటూ ఒకడు ఎదురొస్తాడు. అతన్ని నమ్మాలా వద్దా అని అక్కడ నిలబడి ఆలోచించాల్సి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. అందుకే తేల్చుకోవాల్సినవన్నీ ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి. దిగాక మిగలాల్సింది రాసుకున్నది రాసుకున్నట్టు చేయడమే. కింద చెప్పేవన్నీ ఆ లెక్కన పేర్చినవే.

టికెట్ కొనేటప్పుడు

విమానం ఎన్నింటికి దిగుతుందన్నది టికెట్ ధర అంత ముఖ్యం. ఆ దేశానికి వెళ్లడం మొదటిసారైతే ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 3 లోపు దిగేదాన్ని చూసుకోండి. పెద్ద విమానాశ్రయాల్లో ఇమ్మిగ్రేషన్, సామాన్లు అన్నీ అయి బయటపడేసరికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఊళ్లోకి ఇంకో గంట. 3కి దిగినా 6కల్లా గదిలో ఉంటారు. చలికాలంలో ఉత్తర ఐరోపా వైపు నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి అక్కడికైతే ఇంకా ముందు దిగేది కావాలి. పగటి విమానానికి కాస్త ఎక్కువ పెట్టాల్సి వచ్చినా, అర్ధరాత్రి దిగితే కారుకీ అదనపు గది అద్దెకీ అయ్యే ఖర్చుతో పోల్చి చూడండి. తేడా అనుకున్నంత ఉండదు.

తర్వాత టికెట్ మీద మూడక్షరాల కోడ్ చూడండి. ఊరు పేరు ఒకటే అయినా విమానాశ్రయాలు వేరు కావచ్చు. ఇస్తాంబుల్‌కి ఐఎస్‌టీ ఒకటి, ఎస్‌ఏడబ్ల్యూ ఒకటి. రెండోది ఆసియా వైపున ఉన్న సబిహా గోక్చెన్. బ్యాంకాక్‌లో బీకేకే అంటే సువర్ణభూమి, డీఎంకే అంటే డాన్ మువాంగ్. టోక్యోలో హనేడా ఊరికి దగ్గర, నరీటా అరవై కిలోమీటర్ల దూరం. ప్యారిస్ పేరు చెప్పి చవక విమానాలు దింపే బోవే అయితే ప్యారిస్‌కి ఎనభై కిలోమీటర్ల పైనే. కారు ఒక విమానాశ్రయంలో, మీరు ఇంకో విమానాశ్రయంలో ఉండడమనే తప్పు ఇక్కడే పుడుతుంది.

అర్ధరాత్రి తేదీ దగ్గర జరిగే పొరపాటు ఇంతకన్నా మామూలు. విమానం 15వ తేదీ రాత్రి 12.40కి దిగుతుందంటే, అది 14 రాత్రి గడిచి 15 మొదలైన సమయం. కారు 15కి బుక్ చేయాలి, గది మాత్రం 14 రాత్రి నుంచి ఉండాలి. రెండూ 15కి చేసినవాళ్లకి ఆ రోజు మధ్యాహ్నం దాకా గది ఇవ్వరు. "రాత్రి 15" అని చెప్పి కారు పెట్టుకుంటే డ్రైవర్ ఇరవై నాలుగు గంటలు ఆలస్యంగా వస్తాడు. మెసేజ్‌లో ఎప్పుడూ తేదీ, వారం, 24 గంటల లెక్కలో సమయం, విమానం నంబరు, టెర్మినల్ అయిదూ కలిపి రాయండి.

ఏ వాహనం

చీకటి పడ్డాక దిగుతుంటే, హోటల్ పంపే కారో ముందే డబ్బు కట్టి బుక్ చేసిన కారో ఎంచుకోండి. కాస్త ఖరీదే, కానీ మొదటి రాత్రి వరకూ పెట్టాల్సిన ఖరీదే. పగటిపూట, రైలు నేరుగా ఊరి మధ్యకు వెళ్లే చోట రైలుకు మించింది లేదు: చుట్టూ జనం, కెమెరాలు, ముందే తెలిసిన చార్జీ. హాంకాంగ్‌లో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ 24 నిమిషాల్లో హాంకాంగ్ స్టేషన్‌కి చేరుస్తుంది, లండన్‌లో హీత్రూ ఎక్స్‌ప్రెస్ పావుగంటలో ప్యాడింగ్టన్‌కి. అయితే రైలు లెక్క స్టేషన్‌తో ఆగదు. స్టేషన్ నుంచి గదికి పెట్టె లాక్కుంటూ పదిహేను నిమిషాలు నడవాలంటే, ఆ నడకే మొత్తం దారిలో బలహీనమైన ముక్క. అయిదు నిమిషాలకు మించి నడక ఉంటే స్టేషన్ బయటి స్టాండు నుంచి ట్యాక్సీ ఎక్కాలని ముందే అనుకోండి. చివరి రైలు ఎన్నింటికో కూడా రాసుకోండి. చాలా ఊళ్లలో అర్ధరాత్రి అటూఇటూగా ఆగిపోతాయి, విమానం గంట ఆలస్యమైతే మీ రైలు పోయినట్టే.

విమానాశ్రయం వాళ్ల అధికారిక ట్యాక్సీ క్యూ కూడా మంచి పద్ధతే, ఎలా నడుస్తుందో ముందు తెలుసుకుంటే. సువర్ణభూమిలో కింది అంతస్తులో యంత్రం నుంచి చీటీ తీసుకోవాలి. దాని మీద లేన్ నంబరు ఉంటుంది, ఆ లేన్‌లో ఉన్న కారే ఎక్కాలి. మీటరుకు తోడు 50 భాట్‌ల ఎయిర్‌పోర్టు రుసుము, ఎక్స్‌ప్రెస్‌వే టోల్ ప్రయాణికులే ఇవ్వాలి. ఇది మోసం కాదు, నిబంధనే. చీటీ మాత్రం డ్రైవర్‌కి ఇచ్చేయకండి, కారులో సామాను మర్చిపోయినా ఫిర్యాదు చేయాలన్నా ఆధారం అదే. న్యూయార్క్ జేఎఫ్‌కే నుంచి మాన్‌హట్టన్‌కి పసుపు ట్యాక్సీకి 70 డాలర్ల స్థిర చార్జీ, పైన టోల్, సర్‌చార్జీలు. ప్యారిస్‌లో చార్ల్ ద గాల్ నుంచి ఊళ్లోకి కూడా స్థిర చార్జీయే, సీన్ నదికి ఏ గట్టున దిగుతారన్నదాన్ని బట్టి రెండు రేట్లు. ఇలాంటి అంకె ఒకటి ముందే తెలిసి ఉంటే బేరం మొదలవకముందే ముగుస్తుంది. దుబాయ్‌లో మహిళలు నడిపే గులాబీ రంగు టాపు ట్యాక్సీలు ఉంటాయి, విమానాశ్రయంలో కూడా దొరుకుతాయి.

యాప్ కార్లకి వస్తే, ఆ దేశంలో ఏది నడుస్తుందో చూసుకోండి. ఆగ్నేయాసియాలో గ్రాబ్, మధ్యప్రాచ్యంలో కరీమ్, ఐరోపాలో చాలాచోట్ల బోల్ట్, మరెన్నో దేశాల్లో ఊబర్. మీ ఫోన్‌లో ఉన్న యాప్ అక్కడ పనిచేయకపోవచ్చు.

బయలుదేరే ముందు వారం రోజుల్లో

యాప్ ఇంట్లోనే దింపుకుని, ఖాతా తెరిచి, కార్డు కూడా కలిపేయండి. విదేశంలో దిగాక ఇదే పని చేయబోతే ఒక ముడి పడుతుంది: కార్డు కలపడానికి బ్యాంకు ఓటీపీ పంపుతుంది, అది మీ పాత సిమ్‌కి వస్తుంది, ఆ సిమ్‌లో రోమింగ్ ఉండదు. ఎయిర్‌పోర్టు ఉచిత వైఫై వాడదామంటే చాలాచోట్ల అదీ ఓటీపీయే అడుగుతుంది. కాబట్టి పాత సిమ్‌కి కనీసం ఎస్‌ఎంఎస్‌లు అందే రోమింగ్ పెట్టించుకోండి. డేటాకి ఈ-సిమ్ (చిప్ లేకుండా ఫోన్‌లోనే ఎక్కించే సిమ్) తీసుకుంటే, దాన్ని ఫోన్‌లో ఎక్కించడానికి ఇంటర్నెట్ కావాలి కాబట్టి ఆ పని ఇంట్లోనే ముగించి, దిగాక ఆన్ చేసుకోండి. ఫోన్ ఈ-సిమ్ తీసుకునేదేనా, వేరే నెట్‌వర్క్‌కి తెరిచి ఉందా అన్నది దానికంటే ముందు చూడాలి.

గూగుల్ మ్యాప్స్‌లో విమానాశ్రయం, హోటల్ రెండూ పడేంత ముక్కను ఆఫ్‌లైన్‌గా దింపుకోండి. ఇంటర్నెట్ లేకపోయినా మీరున్న చోటు నీలం చుక్కగా కదులుతుంది, ఎందుకంటే జీపీఎస్‌కి డేటాతో పనిలేదు. ఇంట్లో కూర్చునే ఆ దారిని ఒకసారి వేలితో నడిపించి చూడండి. ఎడమకి సముద్రం వస్తుందా, నది దాటాలా, టోల్ రోడ్డు ఉందా, మొత్తం ఎన్ని నిమిషాలు. నాలుగు గుర్తులు చాలు.

హోటల్ చిరునామా, ఫోన్ నంబరు ఒక అట్టముక్క మీద ఆ దేశపు లిపిలో పెద్ద అక్షరాలతో రాసుకోండి లేదా హోటల్ వెబ్‌సైట్ నుంచి ప్రింట్ తీసుకోండి. డ్రైవర్‌కి చూపించాల్సింది ఈ అట్ట. ఫోన్ చూపిస్తే "ఇలా ఇవ్వండి, చూస్తాను" అని చేతిలోకి తీసుకుంటాడు; ఆ తర్వాత మీ మ్యాపూ, మీ సాయమూ అతని చేతిలో ఉన్నట్టే.

పవర్‌బ్యాంక్ 10,000 ఎంఏహెచ్‌ది చాలు, చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామాన్లలో పెట్టనివ్వరు. వైరు దానితోపాటే. వైరు పెద్ద పెట్టెలో ఉండిపోయి పవర్‌బ్యాంక్ చేతిలో ఉండడం మరీ తరచుగా జరిగే పని.

ఆ దేశపు అత్యవసర నంబరు ఫోన్‌లో ఎక్కించడంతోపాటు నోటికి కూడా రావాలి. 112 యూరోపియన్ యూనియన్ అంతటా పనిచేస్తుంది. బ్రిటన్‌లో 999, అమెరికా, కెనడాల్లో 911, ఆస్ట్రేలియాలో 000, జపాన్‌లో పోలీసులకు 110, అంబులెన్స్‌కి 119. థాయ్‌లాండ్‌లో టూరిస్ట్ పోలీసుల నంబరు 1155. ఫోన్‌లోని అత్యవసర బటన్ కూడా ఇంట్లోనే సరిచూసుకోండి: ఐఫోన్‌లో పక్క బటన్‌నీ వాల్యూమ్ బటన్‌నీ కలిపి నొక్కి పట్టుకోవాలి, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో పవర్ బటన్ అయిదుసార్లు వరసగా నొక్కాలి. సెట్టింగ్స్‌లో అది ఆన్‌లో లేకపోతే ఎన్నిసార్లు నొక్కినా ప్రయోజనం లేదు.

చివరగా, ఇంటి దగ్గర ఒక్క మనిషిని ఎంచుకోండి. ఇరవై మంది ఉన్న కుటుంబ గ్రూపులో "దిగాను" అని పెడితే అందరూ బొటనవేళ్లు పెడతారు, ఎవరూ గడియారం చూడరు. ఆ ఒక్కరికి మూడు విషయాలు చెప్పండి: ఎన్నింటికి గదికి చేరాలి, ఆ సమయం దాటి ఎంతసేపు ఆగాలి (45 నిమిషాలు సరిపోతుంది), ఆ తర్వాత ఏ నంబర్లకి ఏ వరసలో ఫోన్ చేయాలి: ముందు మీకు, తర్వాత హోటల్‌కి, తర్వాత కారు సంస్థకి, చివరగా ఆ దేశంలో ఉన్న మీ దేశపు రాయబార కార్యాలయానికి. ఫోన్‌లో మాట్లాడుతూ ఆపదలో ఉన్నానని బయటపడకుండా చెప్పడానికి ఒక మాట కూడా అనుకోండి. మామూలు మాటే అయి ఉండాలి, కానీ మీరు మామూలుగా అనని మాట అయి ఉండాలి.

కారు ముందే బుక్ చేస్తే

హోటల్ కారైతే హోటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న ఈమెయిల్‌కో నంబరుకో రాయండి. ప్రయాణానికి ముందురోజు డ్రైవర్ పేరు, ఫోన్ నంబరు, కారు మోడల్, రంగు, నంబరు ప్లేటు, నిలబడే చోటు కచ్చితంగా రాతలో తెప్పించుకోండి. "అరైవల్స్‌లో ఉంటాడు" అంటే ఒప్పుకోవద్దు. ఏ గేటు, ఏ స్తంభం నంబరు, ఏ కాఫీ కొట్టు ఎదురుగా అని అడగండి. విమానం నంబరు ఇస్తే ఆలస్యాన్ని వాళ్లే చూసుకుంటారు. దిగినప్పటి నుంచి ఉచితంగా ఎంతసేపు ఆగుతారో అడగండి. చాలా సంస్థలు 45 నుంచి 60 నిమిషాలు ఇస్తాయి. ఇమ్మిగ్రేషన్ పొడవుగా ఉండే చోట అది చాలదు, అప్పుడు వరసలో నిలబడే "ఆలస్యమవుతోంది" అని మెసేజ్ పెట్టాలి.

బోర్డు మీద మీ పూర్తి పేరు రాయించొద్దు. ఈ ఒక్క విషయం మీద కాస్త పట్టుదలగా ఉండండి. అరైవల్స్ తలుపు దగ్గర తిరిగేవాడు ఎవరైనా ఆ బోర్డు చదివి, నాలుగడుగులు ముందుకొచ్చి "మీరేనా ఫలానా?" అనగలడు. పేరు వినగానే మనిషి నమ్మేస్తారు. దానికి బదులు ముందే అనుకున్న ఒక పదమో నాలుగంకెల సంఖ్యో రాయించండి. అంతకన్నా ముఖ్యం, ప్రశ్న మీరే అడగాలి. "నా కోసమేనా వచ్చారు?" అంటే ఎవరైనా అవునంటారు. "ఎవరి కోసం వచ్చారు? ఏ హోటల్‌కి?" అనాలి. రెండూ తడుముకోకుండా చెప్పి, నంబరు ప్లేటు మీ దగ్గరున్నదానితో కలిస్తేనే నడవండి.

పెట్టె మీద పేరు చీటీ సంగతీ ఇంతే. పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు నలుగురికీ కనబడేలా వేలాడుతుంటే వెనక నిలబడ్డవాడు చదివేసుకుంటాడు. మూత ఉండే ట్యాగ్ వాడండి, పైన ఇంటి పేరు చాలు. వివరాల చీటీ పెట్టె లోపల ఉంటుంది.

దిగిన తర్వాత, తలుపు దాటకముందు

సామాన్లు తీసుకునే హాలుకీ అరైవల్స్ తలుపుకీ మధ్య ఉన్న చోటు చాలా విలువైంది. టికెట్ లేనివాళ్లు అక్కడికి రాలేరు. తొందరపడి బయటికొచ్చాక ఫోన్ తీయడం కాకుండా, ఇక్కడే ఓ కుర్చీ చూసుకుని పది నిమిషాలు తీసుకోండి.

1. ఈ-సిమ్ ఆన్ చేసి డేటా వస్తోందో లేదో చూడండి. రాకపోతే డేటా రోమింగ్ స్విచ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. చాలా ఈ-సిమ్‌లకి అది ఆన్‌లో ఉండాలి. అప్పటికీ రాకపోతే ఫోన్ ఒకసారి ఆపి తీయండి.

2. బాత్రూమ్ పని ముగించుకుని, నీళ్ల సీసా నింపుకోండి. దారిలో ఎక్కడా ఆగాల్సిన అవసరం రాకూడదు.

3. పాస్‌పోర్టు, కార్డులు, ఫోన్, మందులు ఒంటికి అడ్డంగా వేసుకునే చిన్న సంచిలోకి. కారుకి ఇవ్వాల్సిన డబ్బు విడిగా జేబులోకి. అందరి ముందూ పర్సంతా తెరిచే పని ఉండకూడదు.

4. డ్రైవర్‌కి మెసేజ్, ఇంటి దగ్గర మనిషికి మెసేజ్. లైవ్ లొకేషన్ పంచడం ఇప్పుడే మొదలుపెట్టండి, గంట కాకుండా ఎక్కువ వ్యవధి పెట్టండి.

5. స్థానిక డబ్బు లేకపోతే బ్యాంకు ఏటీఎం నుంచి ట్యాక్సీకి, ఒక పూట భోజనానికి సరిపడా తీయండి. "మీ కరెన్సీలో లెక్క వేయమంటారా" అని తెర అడిగితే వద్దనండి. ఆ మార్పిడి రేటు మీకు నష్టమే. పెద్ద నోట్లు వస్తే సీసా నీళ్లో, చాక్లెట్టో కొని విడగొట్టుకోండి.

విమానాశ్రయ సిబ్బందిని ఏదైనా అడగాల్సి ఉంటే అదీ ఇక్కడే, కౌంటర్ వెనక ఉన్నవాళ్లని. మెడలో కార్డు వేలాడినంత మాత్రాన ఉద్యోగి అని కాదు. అలాంటి కార్డు ఎవరైనా తయారు చేయించుకోగలరు.

తలుపు దాటాక

ఇక్కడ సూత్రం ఒక్కటే: మీ దగ్గరికి వచ్చి పిలిచినవాడి వెంట మీరు వెళ్లకూడదు. లైసెన్సున్న ట్యాక్సీ వరసలో ఉంటుంది, ప్రయాణికుణ్ని వెతుక్కుంటూ హాల్లోకి రాదు. లండన్‌లో మినీక్యాబ్ (ప్రైవేటు అద్దె కారు) ముందే బుక్ చేస్తేనే చట్టబద్ధం, జేఎఫ్‌కేలో టెర్మినల్‌లో తిరుగుతూ ప్రయాణికుల్ని పిలవడమే నిషిద్ధం. "ట్యాక్సీ క్యూ రెండు గంటలు", "ఇవాళ రైళ్లు సమ్మె", "మీ హోటల్ కారు ప్రమాదంలో పడింది, నన్ను పంపారు" లాంటివన్నీ ఒకే పాటకి చరణాలు. సమాధానం చెప్పకపోవడమే సమాధానం. చేయి అడ్డంగా ఊపి, చూపు బోర్డు మీదే ఉంచి, ఆగకుండా నడవండి. మన మొహమాటమే వాళ్ల పెట్టుబడి. "వద్దండీ, థాంక్యూ" అన్నా సంభాషణ మొదలైనట్టే లెక్క. పెట్టె మీద చేయి వేస్తే మాత్రం గట్టిగా, పక్కవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా "నో" అనండి.

మాట్లాడుకున్న డ్రైవర్ కనబడకపోతే కదలకండి. చెప్పిన చోటే పదిహేను నిమిషాలు ఆగి, రాతలో ఉన్న నంబరుకి మీ ఫోన్ నుంచి మీరే చేయండి. సాయం చేస్తానని వచ్చినవాడి ఫోన్ తీసుకోకండి. అవతల మాట్లాడేది ఎవరో మీకు తెలియదు, మీ నంబరు కూడా అతనికి చేరిపోతుంది. అరగంట దాటితే, చెప్పిన చోటు బోర్డూ గడియారమూ పడేలా ఒక ఫొటో తీసుకుని (డబ్బు వాపసు అడగడానికి) రెండో ప్రణాళికకి మారండి. ఆ రెండో ప్రణాళిక ఇంట్లోనే రాసుకుని ఉండాలి: ట్యాక్సీ క్యూ ఏ అంతస్తులో, చార్జీ ఎంత.

యాప్‌లో కారు పిలుస్తుంటే సామాన్లు చేతికొచ్చి, ఎక్కే చోటు దాకా నడిచాకే నొక్కండి. ముందే నొక్కితే డ్రైవర్ వచ్చి వెళ్లిపోతాడు, రద్దు రుసుము పడుతుంది, ఆ కంగారులో వేరే కారు ఎక్కేస్తారు. చాలా విమానాశ్రయాలు యాప్ కార్లకి వేరే చోటు కేటాయిస్తాయి. లాస్ ఏంజిలిస్‌లో అది టెర్మినల్ 1 పక్కనున్న ఎల్‌ఏఎక్స్-ఇట్ అనే స్థలం, షటిల్ ఎక్కైనా నడిచైనా అక్కడికి పోవాలి. కారు రాగానే వరస ఇది: ముందు నంబరు ప్లేటు అంకె అంకె చూడండి, తర్వాత మోడల్, రంగు, తర్వాత డ్రైవర్ ముఖం. అద్దం కిందికి దింపించి "ఎవరికోసం?" అని అడగండి. ఊబర్‌లో పిన్ సదుపాయం ఉన్న చోట ముందే ఆన్ చేసుకుంటే, మీరు చెప్పిన నాలుగంకెలు డ్రైవర్ కొడితే తప్ప ప్రయాణం మొదలవదు. "యాప్‌లో రద్దు చేయండి, చేతికివ్వండి, తగ్గిస్తాను" అన్నవాడి కారు ఎక్కొద్దు. రద్దయిన క్షణం నుంచి ఆ కారులో మీరున్నట్టు ఎక్కడా నమోదు ఉండదు.

కారులో

ఎక్కే ముందు వెనక తలుపు తెరిచి, దాని అంచున తాళం బొడిపె దగ్గర ఉండే చిన్న మీట చూడండి. అది చైల్డ్ లాక్. పక్కన పిల్లల బొమ్మ గీసి ఉంటుంది. అది పడి ఉంటే లోపలి పిడి లాగినా తలుపు రాదు. ట్యాక్సీల్లో పిల్లల కోసం వేసి మర్చిపోవడమూ మామూలే కాబట్టి అనుమానపడక్కర్లేదు, తీయమనండి. కొన్ని కార్లలో దీన్ని డ్రైవర్ దగ్గరున్న బటన్‌తో వేస్తారు, మీట కనబడదు. అలాంటప్పుడు కూర్చోగానే అద్దం కిందికి దిగుతుందో లేదో చూసుకోండి. అద్దం దిగితే, తలుపు మామూలు తాళం తీసి ఉన్నప్పుడు, చేయి బయటపెట్టి బయటి పిడితో తెరవచ్చు.

కూర్చునే చోటు వెనక సీట్లో డ్రైవర్‌కి ఐమూలగా. అతని చేతులు, ఫోన్, మీటరు మీకు కనబడతాయి. అతని చేయి మీ దాకా రాదు. ముందు సీట్లో ఇంకెవరైనా ఉంటే, "నా తమ్ముడు, భాష నేర్చుకుంటున్నాడు" అన్నా సరే, ఎక్కకండి. చిన్న పెట్టె అయితే పక్కనే పెట్టుకోండి. పెద్దవి డిక్కీలోకి వెళ్లేటప్పుడు మీరు డిక్కీ దగ్గరే ఉండి, మూత పడ్డాకే ఎక్కండి.

కదిలే ముందు మీటరు వేయించండి. స్థిర చార్జీ అయితే అంకె కాగితం మీదో ఫోన్ కాలిక్యులేటర్‌లోనో చూపించి, టోల్ కలిపా కాదా అని తేల్చుకోండి. నోటి మాటలో ఇంగ్లిష్ ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినబడతాయి. మీటరు చెడిపోయిందంటే దిగిపోండి, చెడిపోయింది మీటరు కాదు. నంబరు ప్లేటు, లోపల అతికించిన డ్రైవర్ కార్డు ఫొటో తీసి ఇంటికి పంపండి. దాచి తీయనక్కర్లేదు. తీసిన సంగతి అతనికి తెలియడం మంచిదే. వెంటనే ఫోన్ చేసి, మీ భాషలోనే అయినా హోటల్ పేరు, కారు నంబరు, చేరే సమయం వినబడేలా చెప్పండి. అవతల ఎవరూ ఎత్తకపోయినా ఎత్తినట్టే మాట్లాడొచ్చు.

మ్యాప్ ధ్వని ఆపి ఒళ్లో పెట్టుకుని నీలం చుక్కను చూస్తూ ఉండండి. రద్దీ తప్పించడానికో టోల్ తప్పించడానికో డ్రైవర్ వేరే రోడ్డు పట్టడం రోజూ జరిగేదే, కాబట్టి గీత తప్పగానే గుండె జారనక్కర్లేదు. చూడాల్సింది మిగిలిన దూరం. కొత్త రోడ్డులో కూడా నిమిషాలు తగ్గుతూ వస్తే సరే. అయిదు నిమిషాలు గడిచినా పెరుగుతూనే ఉంటే అడగండి: "మ్యాప్ ఇటు చూపిస్తోంది, ఎందుకు ఇటు వచ్చారు?" సూటి జవాబు వస్తే దాన్ని మ్యాప్‌తో పోల్చుకోండి. జవాబు లేకపోతే ఫోన్ ఎత్తి స్పీకర్‌లో మాట్లాడటం మొదలుపెట్టండి. వెలుతురూ మనుషులూ ఉన్న చోటు, పెట్రోల్ బంకో పెద్ద హోటల్ వాకిలో, రాగానే "వాంతి వస్తోంది, ఆపండి" అనండి. సీటు పాడవుతుందన్న భయానికి ఎవరైనా ఆపుతారు. పెట్టెలు డిక్కీలో ఉన్నాయని ఆగకండి. పాస్‌పోర్టు ఒంటి మీద ఉంది కదా, దాన్ని విడిగా పెట్టుకున్నది ఇందుకే. ఆపకపోతే అత్యవసర బటన్. ఖాళీ హైవే మీద, చీకట్లో దిగడం మాత్రం చివరి మార్గం.

మాటల్లో వచ్చే ప్రశ్నలకి జవాబులు కూడా తయారుగా ఉంచుకోండి. "మొదటిసారా?" కాదు, మూడోసారి. "ఒక్కరేనా?" కాదు, హోటల్‌లో ఎదురుచూస్తున్నారు. "ఎన్ని రోజులు?" ఇంకా అనుకోలేదు. ఎక్కువమంది డ్రైవర్లు ఊసుపోక, మర్యాదకి అడుగుతారు. వాళ్లకీ ఈ జవాబుల వల్ల నష్టం లేదు. ఇక్కడ అబద్ధం ఆడటానికి సంకోచించాల్సిన పనేమీ లేదు.

ఇంకొక పాత ఎత్తుగడ: "ఆ హోటల్ మూసేశారు", "ఆ పేటలో గొడవలు, ఇంకోచోటికి తీసుకెళ్తా". అతనికి కమీషన్ ఇచ్చే హోటల్ ఒకటుంటుంది. అక్కడికక్కడే హోటల్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టండి. రిసెప్షన్ గొంతు వినబడగానే హోటల్ మళ్లీ తెరుచుకుంటుంది.

దిగేటప్పుడు

డబ్బు మీరు కారులో ఉండగా ఇవ్వాలి, సామాన్లు మీరు బయట ఉండగా తీయాలి. ఈ రెంటి మధ్య వరస తప్పితే పెట్టెతో సహా కారు వెళ్లిపోతుంది. ఇలా చేయండి: చార్జీ ఇవ్వండి, నోటు విలువ పైకి చెబుతూ ఒక్కొక్కటే. యాభై ఇచ్చాక "ఇది అయిదే" అని మార్చి చూపించే చేతివాటం చాలా ఊళ్లలో ఉంది. తర్వాత మీ వైపు తలుపు బార్లా తెరిచి దిగండి, తలుపు మూయకండి. డ్రైవర్ దిగి డిక్కీ తెరిచి, పెట్టెలు మీ కాళ్ల దగ్గరికి వచ్చాక తలుపు వేయండి. తలుపు తెరిచి ఉన్న కారుని ఎవరూ నడుపుకుపోరు.

హోటల్ కాకుండా ఎవరింట్లోనో అద్దె గది తీసుకుంటే, గమ్యం సరిగ్గా గుమ్మం దగ్గర కాకుండా అదే వీధిలో తెరిచి ఉండే దుకాణమో మలుపో పెట్టుకోవచ్చు. ఇది పగటి మాట. రాత్రి పెట్టెలతో వీధిలో నడవడం కన్నా గుమ్మం దగ్గర దిగడమే మేలు. తాళం తీసే కోడ్ ముందే నోటికి వచ్చి ఉండాలి, చీకట్లో మెసేజ్‌లు వెతుక్కుంటూ నిలబడకూడదు. ఇంటివాళ్లని బయట లైటు వేసి ఉంచమని ముందే అడగండి.

రిసెప్షన్‌లో గది నంబరు పైకి చదివితే, వేరే గది అడిగి, దాని నంబరు పైకి చెప్పకుండా కాగితం మీద రాసివ్వమనండి. విచిత్రమైన కోరికేమీ కాదు, వాళ్లకి అలవాటే. గదిలోకి వెళ్లి లోపలి గొళ్లెం పడిందని చూసుకున్నాకే "చేరాను" అని పంపండి, కారు దిగగానే కాదు.

అర్ధరాత్రి దిగక తప్పకపోతే

మాట్లాడుకున్న కారు లేకుండా రాత్రి ఒంటిగంటకి ఊళ్లోకి బయలుదేరడం కన్నా తెల్లారేదాకా విమానాశ్రయంలోనే ఉండటం మంచిది. టెర్మినల్‌కి నడిచిపోగల దూరంలో హోటల్ ఉంటే అదే మేలైన ఖర్చు. ట్రాన్సిట్ హోటళ్లు (విమానం మారేవాళ్ల కోసం ఉండేవి) కొన్ని ఇమ్మిగ్రేషన్‌కి లోపలే ఉంటాయి, ఒకసారి బయటికొచ్చాక వాటిలోకి తిరిగి వెళ్లలేరు. బుక్ చేసేటప్పుడు ఏ వైపున ఉందో చూడండి. కుర్చీలోనే గడపాలంటే రాత్రంతా టెర్మినల్ తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి, చిన్న విమానాశ్రయాలు చివరి విమానం తర్వాత తలుపులు వేసేస్తాయి. కూర్చోవాల్సింది సమాచార కేంద్రం దగ్గరో, రాత్రంతా తెరిచి ఉండే కాఫీ కొట్టు ఎదురుగానో. పెట్టె పిడిలోంచి సంచి పట్టీ దూర్చి చేతికి చుట్టుకోండి. ఉదయం మొదటి రైలు, మొదటి బస్సు సమయాలు అట్టముక్క వెనక రాసుకుని ఉంటే మంచిది.

తిరుగు ప్రయాణానికి విమానాశ్రయం దాకా కారును ముందురోజు సాయంత్రమే రిసెప్షన్ ద్వారా మాట్లాడించండి. తెల్లవారుజామున వచ్చే కారు నంబరు రాత్రే తీసుకోండి. కారు వచ్చిందని ఫోన్ వచ్చాకే గదిలోంచి కిందికి దిగండి, వీధిలో నిలబడి ఎదురుచూడకుండా.